ఏడో పెళ్ళిచూపులు

"పెళ్ళిచూపులకు శ్రుతిపెట్టె యాడన్నా తీసకపోతారంట్రా?" కనకవల్లి కొడుకును మూడోసారి అడిగింది.

"ఆడ ఉంటుందో ఉండదో కదమ్మా," అన్నాడు దామోదరం, పెట్టెను తువ్వాలులో చుడుతూ.

"లేకపోతే ఏమాయె? కచేరీకి పోతుండామా?"

దామోదరానికి ముప్పై రెండేళ్ళు. పెరంబూరు రైల్వే ఆఫీసులో గుమాస్తా. సాయంత్రమైతే ఏదో ఒక సంగీత సభలో ఉంటాడు. రెండేళ్ళలో ఆరుగురు పిల్లల్ని చూశాడు. ఆరుగురి చేతా పాడించాడు. ఒకమ్మాయికి గమకం పలకలేదు, ఇంకొకమ్మాయికి పైషడ్జం అందలేదు. ఇవాళ అలివేలు వంతు.

"పాపం, ఆ పిల్లకు పాట రాదంట," అంది చెల్లెలు రాజలక్ష్మి, దోసె తిరగేస్తూ. "నువ్వు అడుగుతావని నెల్లాళ్ళుగా ఒకటే కీర్తన నేర్చుకుంటా ఉందంట."

దామోదరం నవ్వాడు. "నెలకే కీర్తన వస్తుందా? తప్పులు ఈడికే వినిపిస్తుండాయి."

రాజలక్ష్మి పెనం దించేసింది.

"కుముదిని ఏం తప్పు పాడిందన్నా?"

నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని పేరది.

"శుక్రవారం శుక్రవారం వాళ్ళింటికి పోయి పాట వింటివి. ఒక్క స్వరం తప్పిందని అంటివా? వాళ్ళ నాయన ముహూర్తం అడిగితే మార్గళి నెల కచేరీలు కానీండంటివి. ఆనక తై నెల అంటివి, వైకాశి నెల అంటివి. ఏడాదిన్నర నీకోసం కూర్చుంది."

"చాలు రాజీ."

"ఇంకొకరితో పెళ్ళయినాక పాడడమే మానేసిందంట. ఊయల దగ్గర గూడా."

దామోదరం గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "ఆమె పెళ్ళినాడు కచేరీకి పోయినా. ఏం పాడినారో ఒక్క ముక్క గుర్తులేదు."

"అంత ఇష్టముంటే ఎందుకురా వద్దంటివి?" అడిగింది కనకవల్లి.

"వద్దనలేదమ్మా. కచేరీ అయితే మంగళం పాడినాక లేచి ఇంటికి రావచ్చు. పెళ్ళి అట్ల కాదు గదా. భయమేసింది. ఈ ఆరుగురి పాటా తప్పు కోసమే విన్నా."

తండ్రి గోవిందస్వామి చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. రాజలక్ష్మి అన్న ముందు దోసెల పళ్ళెం పెట్టి, కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

దామోదరం పెరట్లోకి పోయి ముఖం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని హాల్లోకి వచ్చాడు. చెల్లెల్ని కూడా పిలిచాడు.

"నాయనా, ఆ పిల్లను పాడమని ఎవరూ అడగొద్దండి. కుముదిని సంగతి నేనే చెప్తా, నా భయం గూడా. అంతా విన్నాక ఆమె సరేనంటే, ఆడనే ముహూర్తం పెట్టించేయండి. మార్గళి దాకా నన్ను ఆగనీయొద్దు."