ఏడాదికోసారి వినే గొంతు

“మా అబ్బాయి గొంతు ఎవరో ఎత్తుకుపోయారు బాబూ,” అంది ముసలామె గుమ్మంలోనే నిలబడి.

ప్రైవేట్ డిటెక్టివ్ హోమర్ ట్విచెల్ లేచి, గదిలో ఉన్న ఒక్క మంచి కుర్చీని ఆమె వైపు జరిపాడు. ఒహాయోలోని బెల్మర్ పట్టణంలో, చవక సరుకుల దుకాణం పైనున్న ఆ గదే ఆయన ఆఫీసు. టైపు కొడుతున్న సహాయకురాలు వెర్నా చేతులు ఆపింది. వాయిదాల మీద కొన్న టేపు రికార్డరు మీద కాఫీ కప్పు పెట్టినందుకు అంతకుముందే ఆయన్ని చీవాట్లు పెట్టింది. ఆ సంగతి మరిచిపోయి ముసలామెను చూస్తూ ఉండిపోయింది. ఆమె కోటు బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంది.

ఆమె పేరు ఓపల్ రెన్షా. ఒక్కడే కొడుకు, డేల్. యుద్ధంలో ఇటలీలో పోయాడు. ఓడ ఎక్కే ముందు, సైనికుల క్లబ్బులో ఉచితంగా గొంతు రికార్డు చేసి ఇస్తుంటే, అట్టమీద నల్ల పూత పూసిన చిన్న రికార్డు ఒకటి చేయించి తల్లికి పోస్టులో పంపాడు.

“ఏడాదికి ఒక్కసారే వింటాను. వాడి పుట్టినరోజున. విన్నప్పుడల్లా కొంచెం అరుగుతుంది కదా. అరిగిపోతే నాకింకేం మిగుల్తుంది? నిన్న పొద్దున దుమ్ము దులుపుతుంటే చూశాను. కవరుంది. లోపల రికార్డు లేదు.”

“పోలీసులకు చెప్పారా అమ్మా?”

“చెప్పాను. అట్టముక్కకు కేసేమిటి మామ్మా, దుకాణంలో మంచి పాటలున్నవి దొరుకుతాయి, ఇంకోటి కొనుక్కో అన్నాడు సార్జెంటు. పక్కనున్నవాడు నవ్వాడు.”

వెర్నా టైపు మిషన్‌లోని కాగితాన్ని లాగి ఉండచుట్టి పారేసింది. “పదండి సార్,” అని ముందు తనే టోపీ పెట్టుకుంది.

ఆమె ఇల్లు మల్బరీ వీధిలో ఉంది. నడిచి వెళుతుంటే వీధి మొదట్లో మెథడిస్టు చర్చికి సున్నం వేస్తున్నారు. గోడకు ఆనించిన పొడుగాటి నిచ్చెన మీద ఎర్ర రంగుతో ‘గ్యాడ్’ అని రాసి ఉంది.

“గ్యాడ్ అంటే?” అడిగాడు ట్విచెల్.

“రే గ్యాడ్. మా ఎదురింటాయన. టెలివిజన్లూ బట్టలుతికే మిషన్లూ అమ్ముతాడు. మంచివాడే. ఆదివారం ప్రార్థనయ్యాక పాస్టరు అడిగితే, పని అయ్యేదాకా ఉంచుకోమని నిచ్చెన ఇచ్చేశాడు,” అంది మిసెస్ రెన్షా.

ఆ వీధిలో టెలివిజన్ ఉన్నది గ్యాడ్ ఇంట్లోనే. మంగళవారం సాయంత్రం హాస్యగాడి కార్యక్రమానికి వీధంతా అక్కడ చేరుతుంది. ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుంటారు. మొన్న మంగళవారం ఆమె కూడా వెళ్లింది. తలుపుకు తాళం వేయలేదు. మల్బరీ వీధిలో ఎవరూ వేయరు.

ముందు గదిలో రేడియో, గ్రామఫోను కలిసి ఉన్న బీరువా ఉంది. రికార్డులన్నీ ఒకే అరలో నిలబెట్టి ఉన్నాయి. వాటిలో డేల్ దాచుకున్న డాన్సు పాటల అట్ట రికార్డులు కూడా ఉన్నాయి. చేత్తో తడిమితే అన్నీ ఒకే సైజు. వెర్నా గ్రామఫోను పళ్లెం మీది మెత్తటి గుడ్డను వేలితో తుడిచింది. నల్లటి సన్న పోగులు వేలికి అంటుకున్నాయి, వెంట్రుకల్లాగా.

“ఇదేమిటి సార్?”

ట్విచెల్ వంగి చూశాడు. రికార్డు మీద ఆనే గ్రామఫోను చేతికి ఉక్కు ముల్లు బిగించి ఉంది. “అమ్మా, డేల్ రికార్డు దేనితో వింటారు?”

“అయ్యో, ఉక్కుతోనా! అది మామూలు పాటలకు. అట్ట గీరుకుపోకుండా వీడికి మెత్తటి ముళ్లచెట్టు ముల్లే వేయాలి. రికార్డు మీద పెద్ద అక్షరాలతో అచ్చేశారు కూడా. ఇదిగో, ఈ డబ్బాలో వాడి ముల్లు వేరే ఉంచాను.” అంతలో ఆ పోగులేమిటో ఆమెకు అర్థమైంది. పక్కనే ఉన్న కుర్చీలో కూలబడింది. “వాణ్ని గీరేశారా?”



ట్విచెల్ ఆమె ఎదురుగా వంగి అడిగాడు. “ఆ రికార్డు మీకు తప్ప ఇంకెవరికి కావాలి?”

“లోయిస్‌కు,” అంది ఆమె వెంటనే. “లోయిస్ హాంకీ. డేల్‌ను చేసుకోవాల్సిన పిల్ల. వచ్చే నెల ఇంకొకరితో పెళ్లి. ఒక్కసారి వినిపించమని ఎన్నిసార్లడిగిందో. నేను వినిపించలేదు. ఆ కోపంతో మొహం చాటేసింది. ఇంకొకడున్నాడు, రేడియోవాడు, ప్రెంటిస్ లైల్. ‘అమ్మ కష్టం’ కార్యక్రమం వాడే. మాతృదినం నాడు నా కొడుకు గొంతు దేశమంతా వినిపిస్తాడట! నన్ను అక్కడ నిలబెట్టి ఏడిపించి, జనం గట్టిగా చప్పట్లు కొడితే బట్టలుతికే మిషనిస్తాడట! ముఖం మీదే తలుపేశాను.”

లోయిస్ మందుల దుకాణంలో సోడాలు, ఐస్‌క్రీములు అమ్మే బల్ల వెనక నిలబడి ఉంది. బల్ల మీది రేడియోలో కొరియా వార్తలు వస్తున్నాయి. ఆ పూట చనిపోయిన కుర్రవాళ్ల పేర్లు చదివి, అదే ఊపిరితో సబ్బు ప్రకటన మొదలుపెట్టాడు వార్తలవాడు. ఆ వెనకే ఇంకో గొంతు తేనె పూసుకుని వచ్చింది: “ఈ ఆదివారం, మాతృదినాన, ‘అమ్మ కష్టం’లో మీరెన్నడూ వినని అద్భుతం! సమాధి నుంచి తల్లిని పలకరించే వీర సైనికుడి గొంతు! రుమాళ్లు దగ్గరుంచుకోండి!”

“రుమాళ్లట!” వెర్నా గ్లాసు ఠపీమని దించింది. “పేగులు తీసి తోరణం కట్టుకుంటారు వీళ్లు.”

లోయిస్ మొహం పాలిపోయింది. “అది డేల్‌దా? ఆమె ఇచ్చిందా? నాకివ్వనిది వాళ్లకిచ్చిందా?”

“ఇవ్వలేదమ్మా. దొంగతనం జరిగింది,” అన్నాడు ట్విచెల్. “నువ్వు తీశావని ఆమె అనుమానం.”

“నేనా?” ఆమె కళ్లు మండాయి. “నాకూ ఒకటి పంపాడు సార్. నేను ఆవిడలా దాచుకోలేదు, రోజూ విన్నాను. ముళ్లచెట్టు ముల్లుతోనే విన్నాను. అయినా అరిగిపోయింది. ఇప్పుడు పెడితే వాన చప్పుడొకటే వస్తుంది. అందుకే కదా ఆవిణ్ని బతిమాలుకున్నాను. దొంగతనం చేయాలంటే అప్పుడే చేసేదాన్ని.”

బయటికి రాగానే ట్విచెల్ అన్నాడు. “ఈ అమ్మాయి ఉక్కు ముల్లు పెట్టదు.”

రేడియో స్టేషన్‌లో ప్రెంటిస్ లైల్ బూట్లు బల్ల మీద పెట్టుకుని ఉన్నాడు. “అభిమాని ఎవరో పంపారు మిస్టర్ ట్విచెల్. పేరు చెప్పొద్దన్నారు. మాట అంటే మాటే కదా.”

“ఆ గొంతెవరిదో మీకు తెలుసు. తల్లి వద్దందనీ తెలుసు.”

“చూడండి గురూ, ఒక్క తల్లి ఏడ్చి ఏం లాభం? దేశమంతా ఏడుస్తుంది. అది గౌరవం కాదా?”

“మీ అమ్మగారిని ఏడిపించి సబ్బు అమ్ముకోండి ముందు,” అంది వెర్నా. ట్విచెల్ ఆమె మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ఆమెను కసరలేదు.

“రికార్డు ఎక్కడికి చేరిందో తెలిసింది,” అన్నాడు మెట్లు దిగుతూ. “తెచ్చినవాడు ఎవడో చెప్పలేకపోతే, లైల్ దాన్ని అభిమాని కానుకంటాడు. ఆదివారం అది గాలిలో కలిసిపోతుంది.”

ఆ మధ్యాహ్నమంతా మల్బరీ వీధిలో గడప గడపకూ తిరిగారు. అందరిదీ ఒకటే మాట. మంగళవారం అందరూ గ్యాడ్ ఇంట్లోనే ఉన్నారు, ఎవరూ కదల్లేదు.

“బొమ్మ చెడిపోయింది ఒకసారి. తెర మీద మంచు కురిసినట్టయింది,” అంది ఒకావిడ. “ఎప్పుడూ ఉండేదేగా! రే పాపం ఇంటిపైకెక్కి ఏరియల్ తిప్పాడు. వాళ్లావిడ ఫ్లారెన్స్ కిటికీ దగ్గర నిలబడి, ఆగండి తిప్పుతున్నాడు అంటూనే ఉంది. మేమేమో ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అని ఒకటే గోల. చివరికి బాగుచేసే దిగాడు.”

ట్విచెల్ టోపీ తీసి, ఆవిడకు అవసరమైనదానికన్నా ఎక్కువగా వంగి నమస్కరించాడు.

శనివారం సాయంత్రం అందర్నీ గ్యాడ్ ఇంటికే రమ్మన్నాడు. మిసెస్ రెన్షా ఒక మూల కూర్చుంది, లోయిస్ ఇంకో మూల. ఒకరినొకరు చూసుకోలేదు. ప్రెంటిస్ లైల్ గడియారం చూసుకుంటున్నాడు. ఫ్లారెన్స్ గ్యాడ్ అందరికీ బిస్కట్లు పంచింది. రే గ్యాడ్ టెలివిజన్ పెట్టాడు. తెరంతా మంచు.

“ఇదీ దీని తంతు,” అని నవ్వాడు రే.

“ఏరియల్ తిప్పాలేమో,” అన్నాడు ట్విచెల్. “ఎక్కండి గ్యాడ్ గారూ. మంగళవారం ఎక్కినట్టే.”

రే హుషారుగా లేచి గుమ్మం దాటాడు. అక్కడే ఆగిపోయాడు.

“వెళ్లవేం రే?” అరిచారు ఎవరో.

“నిచ్చెన లేదుగా,” అంది వెర్నా, ఇక ఆపుకోలేక. “ఆదివారం నుంచీ చర్చి గోడకుంది. రెక్కలు కట్టుకుని ఎగిరాడా మంగళవారం?”

ట్విచెల్ నెమ్మదిగా చెప్పాడు.

“ఏరియల్ తీగ బయట గోడ వెంట దిగి కిటికీలోంచి లోపలికొస్తుంది. ఇందాక నేనే దాన్ని ఊడదీశాను. మంగళవారం గ్యాడ్ గారు అదే చేశారు. బొమ్మ పోతే మగవాడు బయటికెళ్తాడు, మీరంతా తెర వంకే చూస్తారు. ఆయన ఇంటిమీద ఉన్నాడనే లెక్క. అందుకే అడిగితే ఎవరూ కదల్లేదన్నారు. ఫ్లారెన్స్ గారు కిటికీలోంచి ఖాళీ గోడతో మాట్లాడారు. ఈయన వీధి దాటి వెళ్లారు. దీపం వేస్తే కనబడుతుందని వేయలేదు. చీకట్లో పేర్లు చదవలేక, ఒక్కొక్క అట్ట రికార్డునూ పెట్టి విన్నారు. రికార్డు మీది హెచ్చరిక కూడా కనబడలేదు. మిషన్‌లో ఉన్న ఉక్కు ముల్లునే వేశారు. ఆ చప్పుడు మీకెలా వినబడుతుంది? ఇక్కడ మీరంతా నవ్వుతున్నారు.”

“ఏమిటో పెద్ద హత్య చేసినట్టు!” రే మొహం ఎర్రబడింది. “తిరిగి పెట్టేసేవాణ్ని. ఈసారి బహుమతి మిషన్ నా షాపుదే. దేశమంతా నా పేరు వినబడేది. ఆవిడకూ ఒకటి ఇద్దామనుకున్నాను!”

మిసెస్ రెన్షా లేచింది. “నా కొడుకు పోయాడని తంతి వచ్చిన రోజు నువ్వే కదా రే నన్ను పట్టుకున్నావు! నేను పడిపోకుండా పట్టుకున్న చేతులే కదా ఇవి!” ఫ్లారెన్స్ బిస్కట్ల పళ్లెం పట్టుకునే ఏడవడం మొదలుపెట్టింది.

ట్విచెల్ లైల్ వైపు తిరిగాడు. “దొంగసొత్తని ఇంతమంది ముందు విన్నారు. రికార్డుతో పాటు, దాన్నుంచి మీరు ఎక్కించుకున్న టేపు చుట్ట కూడా ఇప్పుడే కావాలి. లేకపోతే రేపు పొద్దుటి పత్రికలో మీ కష్టం కూడా దేశమంతా చదువుతుంది.”

లైల్ కారులోంచి రెండూ తెచ్చి బల్ల మీద పడేశాడు. “టేపులో అంతా ఉంది. అట్ట మాత్రం... ఎక్కించేసరికి ఉక్కు తినేసింది.”

ఆదివారం ‘అమ్మ కష్టం’ మామూలుగానే వచ్చింది. ఇంకో తల్లి ఏడ్చింది, ఇంకెవరో ఇచ్చిన మిషన్ గెలుచుకుంది. మళ్లీ పోలీసు స్టేషన్‌కు వెళితే సార్జెంటు, వస్తువు దొరికిందిగా, ఇంకేం కేసు అన్నాడు.

మంగళవారం సాయంత్రం ట్విచెల్, వెర్నా టేపు రికార్డరును చెరోవైపు పట్టుకుని మల్బరీ వీధిలోకి వచ్చారు. గ్యాడ్ ఇంటి కిటికీలో నీలి వెలుగు. ఆ వెలుగులో వరసగా తలలు. అంతా వచ్చారు, ఎవరి కుర్చీలు వాళ్లు తెచ్చుకుని.

“సిగ్గు లేదూ వీళ్లకి!” అంది వెర్నా. “శనివారం అయ్యో పాపం అన్నవాళ్లే కదా సార్ వీళ్లంతా!”

“వీధిలో అదొక్కటే టెలివిజన్,” అన్నాడు ట్విచెల్.

లోపల మిసెస్ రెన్షా ఒంటరిగా లేదు. లోయిస్ సోఫా అంచున, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ముసలామే పిలిపించింది. వెర్నా టేపు ఎక్కించి మీట నొక్కింది.

గరగర. ఆ తర్వాత, కుర్రగొంతు.

“అమ్మా, నేనే. ఇక్కడ హ్యాంబర్గర్ పదిహేను సెంట్లమ్మా! పట్టపగలు దోపిడీ! సినిమాకెళితే పాత వార్తలే చూపించారు. లోయిస్ వస్తే కాఫీ ఇవ్వు, నీకు నచ్చకపోయినా ఇవ్వు. ఎర్రదీపం వెలిగింది, అయిపోవచ్చింది, అమ్మా...”

అంతే. ఎదురింట్లోంచి నవ్వులు గుప్పుమన్నాయి. ట్విచెల్ వెళ్లి కిటికీ మూశాడు.

లోయిస్ మొహం చేతుల్లో దాచుకుంది. మిసెస్ రెన్షా చాలాసేపు ఆ చుట్ట వైపే చూసింది.

“ఇది... అరుగుతుందా అమ్మాయ్?”

“అరగదమ్మా,” అంది వెర్నా. “ఎన్నిసార్లు విన్నా.”

ముసలామె లేచి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద కాఫీ పెట్టింది. రెండు కప్పులు తీసి తుడిచింది. అక్కడి నుంచే, వెనక్కి తిరగకుండా, ఇన్నేళ్లలో ఎన్నడూ అనని మాట అంది.

“మళ్లీ పెట్టు.”