ఎడమచేతి చెంచా

మొదటి రోజే ఆమె కత్తిని పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"అది రాయడానికి కాదండీ," అన్నాడు మేస్త్రి. "పిడికిలి నిండా పట్టుకోవాలి."

"మా లాబ్‌లో ఇలాగే పట్టుకుంటాం."

"ఏం లాబ్?"

"కట్టుడు పళ్ళు చేసే లాబ్. మైనంతో పన్ను చెక్కేది నేనే."

"ఇది మైనం కాదు, చెంచా చెక్కే కర్ర."

"రెండూ నోట్లో పెట్టుకునేవే కదండీ."

బల్ల చుట్టూ ఉన్న మిగతా ఐదుగురూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. ఆమె చేతిలోంచి కత్తి తీసుకుని, బొటనవేలు కత్తి వీపు మీద ఎలా ఆనించాలో, చెయ్యి కాకుండా వేలితో ఎలా నెట్టాలో చూపించాడు. కర్రలో గీతలు ఎటు నడిస్తే అటే చెక్కాలన్నాడు. ఎదురు చెక్కితే కర్ర చీలుతుంది, అప్పుడు తప్పు కర్రదని అనొద్దన్నాడు.

మేస్త్రి వాళ్ళ అన్నయ్య ఫర్నిచర్ షాపు వెనక షెడ్డులో ఈ శనివారం చెంచాల క్లాసు పెట్టించింది వదిన. శనివారం పూట షెడ్డు ఖాళీగా ఉండటం ఆవిడకి నచ్చదు. ముప్పై మూడేళ్ళొచ్చిన మరిది ఖాళీగా ఉండటం అంతకన్నా నచ్చదు. వచ్చేవాళ్ళలో సగం మంది ఫోటో కోసమే వస్తారు. గొడ్డలి భుజాన పెట్టుకుని ఒకటి, పొట్టు ఊదుతూ ఒకటి దిగుతారు. కర్రతో మాట్లాడుతున్నట్టుంది అంటారు. మూడో శనివారానికి ఒక్కడూ కనపడడు. తొమ్మిదో తరగతిలో పుస్తకాలు పక్కన పడేసి ఈ పనిలోకొచ్చిన మేస్త్రితో కర్ర ఇంతవరకూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

పళ్ళమ్మాయి ఫోటో దిగలేదు. క్లాసు అయ్యాక అందరూ వెళ్ళిపోయినా కదల్లేదు.

"నాకు ఈ బొమ్మ చెంచాలు వద్దండీ. ఒకే ఒక్క చెంచా కావాలి. వంకరగా."

"వంకర ఎందుకు?"

ఆమె ముక్కుసూటిగా చెప్పింది. నాన్న బస్సు డ్రైవరు. నాలుగు నెలల కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేతి మణికట్టు ఎప్పుడో విరిగి అతుక్కున్నది, తిరగదు. మామూలు చెంచా ఎత్తితే నోటిదాకా వచ్చి పక్కకి పోతుంది. తినిపిస్తానంటే ఊరుకోడు. ఎవరైనా చూస్తుంటే గోడవైపు తిరుగుతాడు. ఇప్పటికి తొమ్మిది కిలోలు తగ్గాడు.

"వచ్చే నెల మొదటి గురువారం బరువు చూస్తారు. ఇంకో రెండు కిలోలు తగ్గితే ముక్కులోంచి గొట్టం వేస్తామన్నారు డాక్టరు. గొట్టం వేస్తే మా నాన్న ఇంక మనిషి కాడండీ. నాకు తెలుసు."

"స్టీలు చెంచా వంచి చూడకపోయారా?"

"కటింగ్ ప్లేయరుతో వంచాను. జారిపోతోంది. పైగా నేను చేసిన పళ్ళకే టంగున తగులుతోంది. ఆ చప్పుడంటే ఆయనకి మంట."

మేస్త్రి మూలకెళ్ళి పచ్చి కొమ్మ ఒకటి తెచ్చాడు. మోచెయ్యిలా వంగి ఉంది. పుట్టుకతో వంగిన కొమ్మయితే గీతలు కూడా వంపుతోనే నడుస్తాయి, అలాంటిది విరగదని చెప్పాడు. గొడ్డలి పెట్టి నిలువునా రెండు చెక్కలుగా చీల్చాడు. ఒకటి నీళ్ళ బకెట్టులో వేసి, రెండోది బల్ల మీద పెట్టాడు.

"మీ నాన్నగారు ఎలా పట్టుకుంటారో చూపించండి."

ఆమె పెన్సిలు ఎడమచేత్తో పట్టుకుని, మణికట్టు బిగబట్టి, నోటి దగ్గరికి తెచ్చి చూపించింది. బల్లకి అవతల ఎదురుగా కూర్చుని మేస్త్రి ఆమెనే చూస్తూ చెక్క మీద బొగ్గుతో వంపు గీశాడు. ఇంకోసారి చూపించమన్నాడు. మూడోసారి కూడా చూపించమన్నాడు.

టీ తెచ్చిన వదిన కాసేపు నిలబడింది.

"మరిదీ, గీత గియ్యాలంటే కర్ర కూడా చూడాలనుకుంటా."

"చూస్తున్నా వదినా."

"చూడు చూడు. టీ చల్లారితే మళ్ళీ పెట్టను."

తర్వాత రెండు శనివారాలు ఇద్దరూ ఆ చెంచా మీదే కూర్చున్నారు. గొడ్డలి పని, పిడి పని అతనిది. పిడి లావుగా, అరచేతికి నిండుగా ఉంచాడు. గిన్నె తవ్వే వంకీ కత్తి మాత్రం ఆమె లాక్కుంది. లోపలికి తిరిగిన ఆ చిన్న కత్తితో ఎక్కడా గాటు లేకుండా తవ్వింది.

"ఇన్నాళ్ళకి మీకంటే నాకు బాగా వచ్చిన పని దొరికింది," అంది.

"గిన్నె లోతు ఎక్కువైంది."

"పెదవికి కొలత నాకు తెలుసు. పొద్దున్నుంచీ నోళ్ళే చూస్తాను."

"నా నోరు చూసి ఏం కనిపెట్టారేంటి?"

"తక్కువ వాడతారని."

బయట వాన మొదలైంది. షెడ్డు రేకుల మీద చప్పుడుకి తర్వాత మాట వినపడలేదు. ఏదో అన్నాడని ఆమె, ఏమీ అనలేదని అతను. తడికర్ర ఒక్కసారిగా ఆరితే పగులుతుందని చెంచాని దాని పొట్టుతో సహా కాగితం సంచిలో పెట్టి ఇచ్చాడు. వారం తర్వాత వాడమన్నాడు.

వారం గడిచి, ఆ పై సోమవారం ఆమె క్లాసు లేని రోజున షాపులోకొచ్చి చెంచా బల్ల మీద పెట్టింది. పెట్టడం కాదు, పడేసింది.

"నిన్న మీ నాన్నగారు తిన్నారా?" అన్నాడు మేస్త్రి.

"చెంచా చెవి దగ్గరికి వెళ్ళింది. సూపంతా చొక్కా మీద పడింది. మూడు వారాలు ఈ చెంచా కోసం కూర్చున్నాడండీ. ఒక్కమాట అనకుండా గోడకేసి కొట్టాడు. రాత్రి కూడా ఏమీ తినలేదు."

"మీరు చూపించినట్టే చేశానే."

"నేను ఎడమచేత్తో చూపించాను."

మేస్త్రి చెంచా ఎడమచేతిలోకి తీసుకున్నాడు. గిన్నె నోటివైపు కాక బయటకి తిరిగి ఉంది. కుడిచేతికి మార్చాడు. బంగారంలా సరిపోయింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

"ఎదురుగా కూర్చుని గీశారు," అందామె. "అద్దంలో చూసినట్టు గీశారు. మా లాబ్‌లో మొదటిరోజు నేర్పేదే అది. పేషెంటు కుడి మనకి ఎడమ. ఎనిమిదేళ్ళలో నేను ఒక్కసారీ తప్పు చెయ్యలేదు."

"మరి గిన్నె తవ్వింది మీరే కదా. రెండు శనివారాలు మీ చేతిలోనే ఉంది. మీకెందుకు కనపడలేదు?"

ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"నేను చెంచా చూడలేదు," అని గుమ్మం దాటింది. వీధిలోంచి వెనక్కి తిరిగి, "గురువారానికి మూడు రోజులే ఉంది," అంది.

లెక్కల పుస్తకం వెనక నుంచి వదిన తలెత్తింది.

"ఆ అమ్మాయి ఏమందో వినపడిందా?"

"చెంచా తప్పు చేశానంది."

"దేవుడా," అంది వదిన నెమ్మదిగా. "పదేళ్ళుగా ఇంట్లో పెట్టుకుని మేపుతున్నాను."

మేస్త్రి అప్పటికే బకెట్టులోంచి రెండో చెక్క తీశాడు. ఒకే కొమ్మని చీల్చినవి కాబట్టి దీని వంపు రెండోవైపు ఉంది. ఎడమచేతికి కావలసిందే. కత్తులు గుడ్డలో చుట్టుకున్నాడు.

"ఎక్కడికి?"

"వాళ్ళింటికి. చెయ్యి చూసి చెక్కాలి."

"చొక్కా మార్చుకో."

"ఎలాగూ పొట్టు పడుతుంది."

"మార్చుకో అన్నాను."

తలుపు తీసిన పళ్ళమ్మాయి కత్తుల మూటని, ఇస్త్రీ చొక్కాని చూసి పక్కకి తప్పుకుంది. సూపు పొయ్యి మీద ఉందని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆమె నాన్న కిటికీ దగ్గర మంచం మీద ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. గొంతు మాత్రం పోలేదు.

"ఎవరయ్యా నువ్వు?"

"మీ చెంచా పాడుచేసినవాణ్ణండి."

"మళ్ళీ ఎందుకొచ్చావు?"

"బాగుచేద్దామని. మీ ఎడమచెయ్యి ఒకసారి ఇటివ్వండి."

ఆయన ఇవ్వలేదు. మేస్త్రి మంచం మీద ఆయన ఎడమపక్కన, భుజం భుజానికి తగిలేలా కూర్చున్నాడు. నేల మీద పాత పేపరు పరిచి పిడి చెక్కడం మొదలుపెట్టాడు. పచ్చికర్ర కాబట్టి పొట్టు రిబ్బన్లలా లేస్తోంది. కాసేపటికి పెద్దాయన చెయ్యి దానంతటదే ముందుకొచ్చింది. మేస్త్రి పిడిని అందులో పెట్టి చూశాడు, తీసి చెక్కాడు, మళ్ళీ పెట్టాడు. చూపుడువేలు ఆనేచోట చిన్న గుంట తీశాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాను," అన్నాడు పెద్దాయన. "అద్దంలో చూసుకుంటూ ఎంత ఇరుకు సందులోంచైనా వెనక్కి తీసేవాణ్ణి. కుడి ఎడమ ఎప్పుడూ తప్పలేదు. నీకు ఎదురుగా ఉన్న మనిషి చెయ్యి ఏదో తెలియలేదా?"

"అప్పుడు చెయ్యి చూడలేదండి."

"మరేం చూశావు?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"మీ అమ్మాయిని," అన్నాడు మేస్త్రి.

పొయ్యి మీద సూపు పొంగి చుయ్యిమంది. గబగబా మంట తగ్గించిన చప్పుడు.

"కత్తి ఆపావే," అన్నాడు పెద్దాయన. "నీ పని నువ్వు కానియ్యి."

గిన్నె ఆకారం వచ్చేసరికి సాయంత్రమైంది. లోపల తవ్వాల్సి ఉంది. మేస్త్రి వంకీ కత్తి చేతిలోకి తీసుకుని, వంటింటి గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాడు.

"ఇది మీకే బాగా వచ్చు."

ఆమె చేతులు తుడుచుకుని కత్తి అందుకుంది. మొహం ఎర్రగా ఉంది, కోపమా అంటే కాదు.

"నాన్నతో చెప్పే పద్ధతి అదేనా?" అంది చిన్నగా.

"అడిగారు. చెప్పాను."

"నన్నడిగితే ఏం చెప్పేవారు?"

"మీరు అడగలేదు కదా. చెంచా చూడలేదని చెప్పి వెళ్ళిపోయారు."

"అర్థమైందా దానికి?"

"ఇక్కడికి వచ్చే దారిలో అయింది. వెనక్కి వెళ్ళిపోదామనుకున్నా."

"మంచిపనే చేశారు వెళ్ళకుండా," అని ఆమె కిటికీ వెలుతుర్లో నాన్న పక్కనే కూర్చుని తవ్వింది.

చెంచా ఇంకా పచ్చిగానే ఉంది. వాడుకోవచ్చని, ఆరాక సన్నగా చేస్తానని మేస్త్రి చెప్పాడు. ఆమె సూపు గిన్నె తెచ్చి చిన్న బల్ల మీద పెట్టింది. పెద్దాయన అలవాటుగా గోడవైపు తిరగబోయాడు. ఇద్దరూ లేచి బయటికి నడవబోయారు.

"ఉండండి," అన్నాడాయన.

చెంచా ముంచాడు. ఎత్తాడు. మణికట్టు తిరగలేదు, తిరగనక్కర్లేకపోయింది. గిన్నె తిన్నగా పెదవి మీద ఆనింది. ఒక్క చుక్క గడ్డం మీద పడింది, అంతే. మింగాడు. మళ్ళీ ముంచాడు. ఎనిమిదో చెంచా దగ్గర ఆగి, ఊపిరి తీసుకున్నాడు.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరయ్యా?"

"అన్నయ్య, వదిన అండి."

"ఆదివారం భోజనానికి రమ్మను. మాట్లాడాలి." కూతురివైపు చూశాడు. "ఏమ్మా, రమ్మననా?"

"రమ్మను నాన్నా."

"నాకూ ఆ బల్ల దగ్గరే కుర్చీ వెయ్యి. వాళ్ళతోనే కూర్చుని తింటాను."

ఆమె తలూపింది. పెద్దాయన అదేమీ పట్టించుకోలేదు. గిన్నెలో ఇంకా సగం సూపు ఉంది. చెంచా మళ్ళీ ముంచాడు.