మూడో మానిటర్ మీద ఫిర్యాదు

"మీ మిషన్‌కి మధ్యాహ్నం కునుకు అలవాటా మేడం? లేకుంటే మా రొయ్యల్ని చూసి సిగ్గుపడతా ఉండాదా?"

కంట్రోల్ రూమ్ తలుపు తోసుకొచ్చిన మనిషిని వనజాక్షి తలెత్తి చూసింది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, మనిషి కన్నా ముందొచ్చిన రొయ్యల వాసన. పక్క ప్లాంటు సూపర్‌వైజర్ హరినాథ్.

ఎగుమతి రొయ్యల్లో సూక్ష్మజీవుల్ని చంపేందుకు ఇందుకూరుపేట దగ్గర ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్ పెట్టారు. దాన్ని చూసుకునే ఇంజనీర్ వనజాక్షి. ఆమె చేరి నెల కాలేదు, మిషన్ మాత్రం రోజూ ఆగిపోతోంది.

"బీమ్ లాస్ అండీ."

"పోయిందా? పోలీస్ స్టేషన్లో చెప్పినారా?"

"అంతా పోలా. గొట్టం మధ్యలో బీమ్‌గా పోవాల్సిన ఎలక్ట్రాన్లు కొన్ని దారి తప్పి గోడకి గుద్దుకుంటా ఉండాయి. గొట్టం వెంబడి ఆరు మానిటర్లు కాపలా. అట్లా దారి తప్పినవాటి లెక్క హద్దు దాటితే బీమ్ ఆపేస్తాయి. లేకుంటే గొట్టం పాడైపోద్ది. అర్థమైందా, ఇంకోసారి చెప్పాలా?"

"మా రొయ్యలకి చెప్పండి మేడం. ఐసులో పడుకోని ఇంటా ఉండాయి పాపం."

ఆ రోజు నుంచి మిషన్ ఆగడం ఆలస్యం, హరినాథ్ హాజరు. వానలో గొడుగైనా లేకుండా పరిగెత్తుకొచ్చి మరీ తిట్టేవాడు. అంత శ్రద్ధగా తిట్టే మనిషి దొరకడం కూడా అదృష్టమే. ఒకరోజు అతను పది నిమిషాలు ఆలస్యమైతే వనజాక్షి తలుపు వైపు నాలుగుసార్లు చూసింది. గాలికి కొట్టుకుంటుందేమోనని, అంతే!

వనజాక్షి వాళ్ల మేనేజర్ ఆనందబాబు గారు మహా మేధావి. "అరిచేది ఆ మూడో మానిటరే గదమ్మా? దాని హద్దు పెంచెయ్. అరవదు."

"పొగ వస్తోందని ముక్కు మూసుకుంటే మంట ఆరిపోద్దా సార్?"

"శుక్రవారం దాకా టైమిస్తా. కారణమన్నా చెప్పు, హద్దన్నా పెంచు. రెండూ కుదరకపోతే ఇంకో ఉద్యోగం చూసుకో."

శుక్రవారం రానే వచ్చింది. లాస్ అంతా మూడో మానిటర్ దగ్గరే. దానికి ముందు బీమ్‌ని దారిలో పెట్టే అయస్కాంతం ఉంది. దానికి వెళ్లే కరెంటు ఒక్క క్షణం తగ్గుతోంది. ఎందుకో మాత్రం అంతుపట్టడం లేదు.

హరినాథ్ వచ్చాడు. ఆమె ఎర్రటి కళ్లు చూసి తిట్టడం మర్చిపోయాడు. ఫోన్ తీసి ముందు పెట్టాడు. మిషన్ ఆగిన టైములన్నీ అందులో రాసి ఉన్నాయి.

"పదకొండుంపావు, మూడున్నర... అంతా మా కోల్డ్ స్టోరేజ్ పెద్ద కంప్రెసర్ ఆన్ చేసే టైములే. ఈ పొద్దే గమనించినా. రెండింటికీ ఒకటే కరెంటు లైను. అది ఒక్కసారిగా లాగితే మీకు తగ్గిపోద్ది." గొంతు తగ్గింది. "తప్పు మా దగ్గర పెట్టుకోని మిమ్మల్ని తిట్టినా."

"ఇప్పుడు ఆన్ చేయించండి!"

అతను ఫోన్ చేశాడు. స్క్రీన్ మీద మూడో మానిటర్ గీత ఒక్కసారిగా లేచింది. బీమ్ ఆగిపోయింది. మిషన్ ఆగినందుకు ఇద్దరూ గంతులేశారు.

వేరే లైను వేసేదాకా బీమ్ నడిచేటప్పుడు కంప్రెసర్ ఆన్ చేయనని హరినాథే వెళ్లి ఆనందబాబుకి చెప్పాడు. సొంత ఓనర్ చేత తిట్లు తిని మరీ తిరిగొచ్చాడు.

"ఒక డౌటు," అంది వనజాక్షి. "ఇందులో ఆదివారం టైములు కూడా ఉండాయే. ఆదివారం మీకు సెలవు గదా?"

"సెలవే."

"మరి?"

"మీకు లేదు గదా."

బయట వాన జోరందుకుంది. ఆమె స్క్రీన్ వైపు తిరిగింది, నవ్వు కనపడకుండా. "తిట్టేదానికి వచ్చినారా?"

"చూసేదానికి."

స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే అంది. "వాకాడులో మా అమ్మ ఉండాది. ఈ ఆదివారం నేను సెలవు పెడతా. వచ్చి ఆమెతో మాట్లాడండి. ఆమెకి రొయ్యలు పడవు."

ఎనిమిదేళ్లుగా రొయ్యలే లోకమైన మనిషి, ఆ ఆదివారం దారి కాకపోయినా జువ్వలదిన్నె హార్బర్‌కి వెళ్లి వంజరం చేప కొన్నాడు. వాకాడులో వనజాక్షి వాళ్లమ్మ పిచ్చమ్మ ఆ చేప అందుకుంది. ఊరు, పేరు అడిగింది, పులుసు పెట్టింది. వడ్డించేటప్పుడు తలకాయ ముక్క అతని పళ్లెంలో వేసింది.

"అమ్మా! ఆ ముక్క ఎప్పుడూ నాకే గదా!"

"బయటోళ్లకేమన్నా పెట్టినానా ఏంది?" అంది పిచ్చమ్మ. "తినబ్బయ్యా, చల్లారిపోద్ది."