పక్కింటి పాప

ఏడున్నరకే బేతంచెర్లలో ఎండ చురుక్కుమంటోంది. కృపమణి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, ముందు గదిలో సాగుతున్న చదువు వింటోంది. ఆడపడుచు జెస్సీ నాపరాతి నేల మీద మూడు అట్టముక్కలు పరిచి కూర్చుంది. ఒక్కో అట్ట మీద ఒక్కో మాట, పెద్ద ఎర్రటి అక్షరాలతో రాసి ఉంది. ఎదురుగా ఐదున్నరేళ్ల మహిమ బాసింపట్టు వేసుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, వాటినే చూస్తోంది.

“పాలు యాడుండాది, మహీ? తీసియ్యి.”

మహిమ చెయ్యి ‘బంతి’ మీదికి పోయి ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి ‘పాలు’ అట్టను పట్టుకుంది.

“అబ్బా, నా తల్లీ!” అంటూ జెస్సీ చప్పట్లు కొట్టింది. మహిమ కూడా తనకు తానే చప్పట్లు కొట్టుకుంది.

మహిమ పుట్టిన వారానికే పాపకు డౌన్ సిండ్రోమ్ ఉందని కర్నూలు డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచీ చూడవచ్చిన ప్రతివాళ్లూ జాలిపడి వెళ్లినవాళ్లే. చదువు సంగతి ఎత్తింది జెస్సీ ఒక్కతే. టీచర్ ట్రైనింగు ముగించి ఇంటికొచ్చిన వారంలోనే చెప్పింది. “వదినా, ఇట్లాంటి పిల్లోళ్లకు చెవితో విన్నదానికంటే కంటితో చూసింది బాగా నిలుస్తాదంట. అఆలు తర్వాత చూసుకుందాం. ముందు మాటనే బొమ్మ మాదిరి చూపిద్దాం.”

మొదట ఒకేలాంటి రెండు అట్టలను జత పెట్టించింది. తర్వాత అడిగిన అట్టను తీయించింది. చివరికి చూసి చెప్పించింది. ‘అమ్మ’ అనే మాటకు ఐదు వారాలు పట్టింది. మహిమ మొదటిసారి ఆ అట్టను చూసి “అమ్మ” అన్న రోజు కృపమణి పెరట్లోకి పోయి ఏడ్చింది. ఇప్పుడు మహిమకు పదకొండు మాటలు వచ్చు. వాటిలో ‘అత్త’ అంటే ప్రాణం.

ఆ రోజు జెస్సీని చూసుకోవడానికి నంద్యాల నుంచి పెళ్లివారు వస్తున్నారు. పిల్లవాడు ఏసుకుమార్ హైస్కూల్లో టీచరు. మంచి సంబంధమని పాస్టరుగారు తెచ్చారు. జెస్సీ అన్న నెహెమ్యా బండల ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తిరుగుతున్నాడు.

“పాపను కొంచేపు పక్కింటి మద్దమ్మోళ్లింట్లో ఉంచి వస్తావా?” అని భార్యను రెండుసార్లు అడిగాడు.

“ఎందుకు? కొత్త గౌను వేసినాను. వాళ్ల మేనత్త పెండ్లిమాటలు, ఉండనీ,” అంది కృపమణి. అతడు వాకిట్లోకి నడిచాడు.

పదిన్నరకు పెళ్లివారు వచ్చారు. పలకరింపులు అయ్యాయి. ఏసుకుమార్ తల్లి జెస్సీని పక్కన కూర్చోబెట్టుకుని చదువు గురించి అడుగుతోంది. కృపమణి కాఫీ పళ్లెంతో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, మహిమ ఎటునుంచో ఊడిపడింది. చేతిలో అట్టముక్క. నేరుగా వెళ్లి దాన్ని జెస్సీ ఒడిలో పెట్టి, గర్వంగా అందరి వైపూ చూసి, “అత్త!” అంది.

ఏసుకుమార్ తల్లి నవ్వింది. “ఎవరమ్మా ఈ పాప? అత్త అంటాందే?”

నెహెమ్యా నేల చూపులు చూశాడు. జెస్సీ ఒడిలోని అట్టను బోర్లా తిప్పింది.

“పక్కింటి పాప అండీ,” అంది. “అందర్నీ అట్లే పిలుస్తాది.”

కృపమణి పళ్లెం బల్ల మీద పెట్టి, మహిమ చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిచింది. లోపల ప్రధానం, అదే నిశ్చితార్థం, తేదీ గురించి మాటలు, నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. “అత్త?” అంటూ మహిమ తలుపు వైపు వేలు చూపిస్తూనే ఉంది.

పెళ్లివారి కారు సందు దాటగానే కృపమణి లోపలికి వచ్చింది.

“ఎవరి పాప జెస్సీ అది?”

జెస్సీ కాఫీ కప్పులు ఏరి పళ్లెంలో పెట్టసాగింది.

“మద్దమ్మను పిల్చుకోని రా. వాళ్ల పాపను నేనెందుకు ఐదేండ్లుగా సాకుతాండానో అడుగుదాం.”

“భయమేసింది వదినా. మన వంశంలోనే ఉండాదనుకుంటారని, రేపు నాకు పుట్టే బిడ్డలు గూడా…”

“ఊర్లో అంటానే ఉండారు, నేను పడతానే ఉండా. నువ్వు గూడా అంటావనుకోలే! నా బిడ్డ చదువుతాదని నాకు చెప్పిందే నువ్వు. దానికి ‘అత్త’ అని నేర్పించి, వాళ్ల ముందర ఆ మాటే అబద్ధమంటివి గదా!”

“ఊరుకో కృపా,” నెహెమ్యా కల్పించుకున్నాడు. “పెండ్లయినాక నిదానంగా చెప్పొచ్చని నిన్ననే అనుకుంటిమి. నీకు చెప్తే ఒప్పుకోవని…”

కృపమణి అతడి వైపు తిరిగింది. మద్దమ్మ ఇంటి మాట రెండుసార్లు ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది.

“అంటే అన్నాచెల్లెళ్లు ముందే మాట్లాడుకున్నారా? ఈ ఇంట్లో పక్కింటోళ్లం నేనూ నా బిడ్డా ఇద్దరమా?”

జెస్సీ తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

మర్నాటి నుంచి అట్టముక్కలు కృపమణి చేతికి మారాయి. పెరటి గుమ్మంలో కూర్చుని తనే చెప్పించబోయింది. మహిమ ఒక్క మాట చదవదు. లేచి అత్త గది ముందుకు పోయి నిలబడుతుంది. కృపమణి లాక్కొస్తుంది. జెస్సీ తలుపు తీయదు. నెహెమ్యాతో మాటలు అన్నం పెట్టడం వరకే మిగిలాయి.

ఐదో రోజు పిల్లల వివరాలు రాసుకోవడానికి ఆరోగ్య కేంద్రం నుంచి కొత్త నర్సు వచ్చింది. తలుపు తీసింది జెస్సీ. వెనకాలే మహిమ వచ్చింది.

“నీ పేరేంది తల్లీ?”

“మహిమ.”

“బంగారూ! ఎవరి పాపవు నువ్వు?”

మహిమ కాసేపు ఆలోచించింది. “పక్కింటి పాప,” అంది, ఒక్కో అక్షరం స్పష్టంగా.

నర్సు నవ్వి, “పక్కింటి పాపనా?” అంటూ కాగితాలు తిరగేసింది. వంటింట్లోంచి వచ్చిన కృపమణి అక్కడే ఆగింది. ప్రతి మాటా వారాల తరబడి నేర్చుకునే బిడ్డ, ఈ మాట ఒక్కసారి విని నేర్చుకుంది.

జెస్సీ మహిమను దగ్గరికి లాక్కుంది. “కాదండీ. మా పాప. మా అన్న కూతురు. రాసుకోండి,” అంది. నర్సు వెళ్లాక ఫోను తీసి, వదిన ముందే ఏసుకుమార్ వాళ్లింటి నంబరు కలిపింది.

“నేను జెస్సీనండీ. ఆ రోజు మీకు అబద్ధం చెప్తిని. ఆ పాప నా మేనకోడలు. పేరు మహిమ. డౌన్ సిండ్రోమ్ ఉండాది. చదువు నేర్చుకుంటాంది.”

అవతలి నుంచి, “మాట్లాడుకోని చెప్తాం,” అన్నారు.

ఆ ఆదివారం నెహెమ్యా ఎన్నడూ లేనిది మహిమను భుజాన ఎత్తుకుని చర్చికి నడిచాడు. మగవాళ్ల వైపు ముందు వరసలో ఒడిలో కూర్చోబెట్టుకున్నాడు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు పెళ్లివారి మాట చెప్పారు. “పాప అట్లుండాదని మాకే ఇబ్బందీ లే అన్నారు. ఇంటి బిడ్డనే కాదన్న పిల్ల, రేపు మా ఇంట్లో మంచాన పడినోళ్లను ఏమంటాదో అని వెనక్కి తగ్గినారు.”

ఇంటికొచ్చాక జెస్సీ ఏడవలేదు. పెరట్లో బకెట్టు ముందేసుకుని బట్టలు ఉతకడం మొదలుపెట్టింది. కృపమణి తలుపు దగ్గర నిలబడి చూసింది. తగిన శాస్తి జరిగిందన్న తృప్తి కలుగుతుందనుకుంది. కలగలేదు. కాఫీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడిన క్షణమే కళ్ల ముందుకు వచ్చింది. తనకూ బిడ్డకూ మధ్య నాలుగడుగుల దూరం. ‘నా కూతురు’ అనడానికి ఎంతసేపు పడుతుంది? తను అనలేదు. సంబంధం చెడుతుందని తనూ జంకింది. బిడ్డను పెరట్లోకి తీసుకుపోవడం కోపమే అనుకుంది ఇన్నాళ్లూ. కానీ అదీ దాచిపెట్టడమే.

కళ్లు మసకబారాయి. వెళ్లి జెస్సీ ఎదురుగా కూర్చుని, బకెట్లోంచి మహిమ గౌను తీసి పిండింది.

“ఆ పొద్దు నేను గూడా నోరు తెరవలే జెస్సీ. కన్నదాన్ని నేనే ‘నా బిడ్డ’ అనలే. నిన్నొక్కదాన్నే అంటిని.”

జెస్సీ సబ్బు చేతులతోనే వదిన మెడను కావలించుకుని బావురుమంది. ఏడుపు విని మహిమ పరుగెత్తుకొచ్చింది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తన గౌను అంచుతో ముందు అమ్మ ముఖం, తర్వాత అత్త ముఖం గట్టిగా రుద్దింది.

“నాకు కోపం ఇంకా పోలే,” అంది కృపమణి ముక్కు ఎగబీలుస్తూ. “పోయినప్పుడు నేనే చెప్తా. అంతవరకూ పాప చదువు మాత్రం ఆపొద్దు.”

జెస్సీ తలాడించింది. పైటకు చేతులు తుడుచుకుని, మహిమను ఎత్తుకుని లోపలికి నడిచింది.