జారిన వరుస

వేలు ఆనేలోపే తెర మీది పేర్ల వరుసలు కిందికి జారాయి, అందులో తన తప్పేముంది అని భానోజీ మళ్ళీ అనుకున్నాడు. అనుకున్న ప్రతిసారీ చెవులు వేడెక్కుతున్నాయి. కొత్త మృతుడి పేరు జాబితా పైన చేరితే మిగతావన్నీ ఒక్కో మెట్టు దిగుతాయి. యాప్‌కి మనిషి తెలియదు, స్థానమే తెలుసు. అందుకే పోయినవాళ్ళ మెడపట్టీలో చిక్కిన తుదిపలుకును, అంటే వాళ్ళ చివరి మాటను, అయినవాళ్ళకు విప్పే ముందు పేరు పైకి చదవాలన్నది కేంద్రంలో మొదటి నియమం. పొద్దుటినుంచి పోయినవాళ్ళ పేర్లు పలికి పలికి నోరు చేదెక్కి, ఆ ఒక్క పేరు మింగేసి నేరుగా పలుకే చదివాడు.

"దాని తప్పేం లేదు. నేనే ఇనలేదు."

సగం చదివాక తెలిసింది, అది పక్క వరుసదని. ఎదురుగా పైడితల్లి మొహం అప్పటికే విప్పారింది. మొగుడు పోయిన రాత్రి అతణ్ణి బయట ఉంచి గడియ వేసుకున్న మనిషి ఆమె. రెండో సగం ఇంకా మెత్తగా చదివాడు. పొరపాటుకన్నా ఆ మెత్తదనమే అతన్ని ఎక్కువ కాలుస్తోంది.

ఆమె ఇంకా బెంచీ మీదే ఉంది. పక్కనున్న అమ్మాయితో చెబుతోంది.

"నేనే ఇనలేదన్నాడే! బతికుండగా ఒక్కపాలైనా అన్నాడేటి? సచ్చాక బుద్దొచ్చింది నా మొగుడికి."

అమ్మాయి నవ్వింది. "మా నాన్న ఇంకా మొండోడు అత్తా. నేను ఇల్లొదిలాక మాటే లేదు. ఏం తిట్టిపోయాడో."

ఆ అమ్మాయి హిమజ. తర్వాతి పిలుపు ఆమెదే. తెర మీద ఆమె తండ్రి వరుస, ఇందాక తను చదివేసిన ఆ పక్క వరుసే, బూడిదరంగుకు తిరిగి ఉంది: అందింది. అందిన పలుకు మరొకరికి తెరుచుకోదు. ఆమెకు చెప్పవలసింది యాప్ సిద్ధం చేసింది: "మౌనంగా పోయారు."

పైడితల్లి మొగుడు సూరయ్య వరుస ఇంకా ఎవరికీ అందక పచ్చగానే ఉంది. భానోజీ దొంగచాటుగా లోపలి పలుకు చూశాడు.

"తలుపు తియ్యే, సలేస్తంది."

వరుస పక్కన 'సవరణ' అనే మీట ఉంది. కేంద్రంలో ఎవరూ దాన్ని నొక్కలేదు. నొక్కితే తప్పు చదివినట్టు ఒప్పుకున్నట్టే, ఇంతవరకు అందిన పలుకులన్నీ అనుమానంలో పడతాయి.

"ఏటి బాబూ, అలగున్నావు? నీళ్ళు తాగు," అంటూ పైడితల్లి లేచి వచ్చి తన సీసా చాపింది.

అందుకున్నాడు. తాగలేకపోయాడు. సీసా బల్ల మీద పెట్టి, మీట నొక్కాడు. తెరలోని వరుసలన్నీ ఒక్కసారిగా తెల్లబోయాయి. హాల్లో మిగతా తెరలు కూడా.

భానోజీ లేచి నిలబడి, ఇందాక మింగిన పేరును పైకి చదివాడు.

"బోని సూరయ్య."