శుక్రవారం ఆరింటి షో

విజయవాడ వన్ టౌన్‌లో ఓ బట్టల గోడౌన్ పైన కేబుల్ ఛానల్ ఒకటి ఉండేది. 2001లో దాని శుక్రవారం షో కోసం ఊరంతా టీవీల ముందు చేరేది. సాయంత్రం ఆరింటికి యాంకర్ హేమ, కష్టాల్లో ఉన్న ఎవరో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గోడు చెప్పించేది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఆ అడిగేవాడు ఛానల్ యజమాని భానుచందర్. నిప్పు అందించేది హేమ.

ఒక శుక్రవారం బందరు వైపు నుంచి దానమ్మ వచ్చింది. మొగుడు కాశీరావు సముద్రం మీద వేటకెళ్ళి పదకొండు రోజులైంది. జాడ లేదు. చూసినవాళ్ళెవరైనా ఫోన్ చేస్తారేమోనని ఆమె ఆశ. నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ. వేటకెళ్ళినవాడు పోయాడని రూఢిగా తెలిసేదాకా వాళ్ళింటి ఆడవాళ్ళు బొట్టు తియ్యరు.

"ఆ బొట్టు చూస్తే ఎవరికి జాలేస్తుందమ్మా?" అని భానుచందర్ విసుక్కున్నాడు.

ఆరు కావస్తోంది. హేమ మేకప్ దూది తీసింది.

"వద్దమ్మా... ఆయన బతికే ఉన్నాడు." దానమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"అయిదు నిమిషాలేనండీ. తర్వాత మళ్ళీ పెట్టుకుందురు గాని," అంటూ హేమ తుడిచేసింది.

ఊరు ఊరంతా ఏడ్చింది. నాలుగు రోజులకి అసలు సంగతి తెలిసింది. ఆ శుక్రవారం పొద్దునే వేరే బోటువాళ్ళు కాశీరావును ప్రాణాలతో ఎక్కించుకున్నారు. గంజి తాగాడు, మాట్లాడాడు. సరిగ్గా సాయంత్రం ఆరింటికి కన్నుమూశాడు. అది విన్న దానమ్మ మంచం పట్టి, నెల తిరక్కుండా పోయింది.

ఇంత జరిగాక భానుచందర్ ఏం చేశాడు? సిగ్గులేని మనిషి, ఆ టేపే మళ్ళీ వేస్తానన్నాడు!

"ఆవిడ చచ్చిపోయింది సార్!" హేమ అరిచింది. ఒళ్ళు మండిపోయింది. అతని మీదే కాదు, దూది పట్టిన తన చేతి మీద కూడా.

"అందుకేనమ్మా జనం అడుగుతున్నారు. హైదరాబాద్ ఛానల్ నుంచి నీకు పిలుపొచ్చింది ఆ ఎపిసోడ్ చూసే కదా?"

హేమ కోపాన్ని మింగింది. మళ్ళీ శుక్రవారం, మళ్ళీ ఆరు గంటలు. కుర్చీలో కూర్చుని నాలుగు ముక్కలు చెప్పింది. టేపు మొదలైంది.

స్టూడియో లైట్లు ఆర్పేశారు. మానిటర్ ఒక్కటే వెలుగుతోంది. కింది నుంచి ఎప్పుడూ వచ్చే కొత్తబట్టల వాసన లేదు. ఉప్పు వాసన... తడి వల వాసన.

టేపులో దానమ్మ ఏడవాలి. ఏడవడం లేదు. పళ్ళు బిగించి చూస్తోంది... ఇటే. కుర్చీలో ఉన్న హేమనే.

"బతికే ఉన్నాడని చెప్పాను గదే నీకు..."

దానమ్మ దూది అందుకుంది. టేపులో తనకెదురుగా కూర్చున్న హేమ నుదుటి మీద పెట్టింది. మెల్లిగా... తుడిచింది.

హేమ నుదురు తడుముకుంది. తడి. బొట్టు లేదు.

"ఆపండి!"

"ఎందుకాపాలి? ఎంత బాగా ఏడుస్తోందో చూడు," అన్నాడు చీకట్లోంచి భానుచందర్.

హేమ మెట్లు దిగి పరుగెత్తింది. మొగుడు నాగబాబు పొద్దున స్కూటర్ మీద గన్నవరం వెళ్ళాడు. ఆటోలో ఇంటికి వెళ్ళేదాకా ఆమె ప్రాణం ప్రాణంలో లేదు.

తలుపు నాగబాబే తీశాడు. చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాడు. హేమ అతని చొక్కా పట్టుకుని భోరుమంది.

"ఏమైందే? షో మధ్యలో వచ్చేశావేంటి?"

ఆమె జవాబు చెప్పేలోగా వాకిట్లో ఇంకో ఆటో ఆగింది. అత్తగారు పున్నమ్మ దిగింది. జుట్టు రేగిపోయి ఉంది. నడవలేకపోతోంది. నాగబాబు ఎదురెళ్ళాడు.

"రా అమ్మా. ఏంటి, చెప్పకుండా వచ్చావ్?"

పున్నమ్మ తల తిప్పలేదు. కొడుకు పక్కనుంచే నడిచి వచ్చి కోడల్ని కావలించుకుని గుండెలవిసేలా ఏడ్చింది.

ఆమె వెనక నాగబాబు అయోమయంగా నిలబడ్డాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరు పోయారు హేమా?"