ముందే చదివేసిన గొంతు

సరస్సు ఒడ్డున అద్దెకు తీసుకున్న ఆ పాత ఇంట్లో సామాన్లు దించేసరికి మధ్యాహ్నం దాటింది. అతను లిఫ్టు మెకానిక్. ఎవరు ఏ రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయినా తింటున్న కంచం వదిలి పరుగెత్తాల్సిందే. అందుకే సెలవు దొరికితే చాలు, ఫోను కట్టేసి, పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని ఊరు దాటేవాడు. కొండలో, కోటలో, సముద్రమో, ఏదైనా సరే.

ఆ షికార్లకు ఒక కట్టుబాటు ఉంది. ఉప్పు పడవ కథ పుస్తకం ప్రయాణాల సంచీలోనే ఉండాలి, ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. వెళ్ళిన చోట పొద్దు వాలే వేళ అతను పైకి చదవాలి, కూతురు వినాలి. పొగమంచులో దారి తప్పిన పడవ, దాన్ని దగ్గుతూ తిడుతూ నడిపే ముసలి సరంగు, ఆయన పెంపుడు బాతు. సరంగు దగ్గును అతను ఎంత బాగా దగ్గేవాడంటే, ఒకసారి లాడ్జిలో పక్క గదివాళ్ళు మందుబిళ్ళ పట్టుకొచ్చి తలుపు కొట్టారు. హోంవర్కు తల్లిది, జడలు తల్లివి, జ్వరమొస్తే పక్కన కూర్చోవడమూ తల్లిదే. కథ ఒక్కటే అతనిది. దాంట్లో వాటా ఇమ్మంటే మాత్రం ఊరుకునే రకం కాదు.

ఆ సాయంత్రం మంచం మీద చేరగిలబడి, గుర్తు పెట్టిన చోట పుస్తకం తెరిచాడు.

"అది అయిపోయింది నాన్నా," అంది గడుగ్గాయి. ఏడేళ్ళ ఆ పిల్లని ఇంట్లో అలాగే పిలుస్తారు.

"ఏది అయిపోయింది?"

"బాతు నీళ్ళలో పడుతుంది కదా, సరంగు దూకుతాడు కదా... అదంతా."

అతను గబగబా పేజీలు తిప్పాడు. నిజంగానే బాతు పడింది. సరంగు దూకాడు.

విసవిసా వరండాలోకి వెళ్ళాడు. భార్య కుర్చీలో కాళ్ళు ముడుచుకుని డిటెక్టివ్ నవల చదువుకుంటోంది.

"నా పుస్తకం నువ్వెందుకు చదివి వినిపించావు?"

"నాకేం ఖర్మ? ఇక్కడ హంతకుడెవడో తేలక నేను చస్తుంటే, మీ బాతు గోల నాకెందుకండీ?" అంది ఆమె తల కూడా ఎత్తకుండా.

అతను గదిలోకి తిరిగొచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. "ఎవరు చదివారే?"

"ఇంకో నాన్న."

"ఇంకో నాన్నేంటి?"

"నువ్వు సామాన్లు దించుతుంటే వచ్చాడు." పిల్ల మొహమాటంగా చెప్పింది. "నీకంటే బాగా దగ్గుతాడు."

ఇంకెవరైనా అయితే ఆ మాటకు బెదిరిపోయి, అప్పుడే మూట కట్టేసేవారు. అతనికి ముందు ఒళ్ళు మండింది. భయం ఆ తర్వాత, నెమ్మదిగా వచ్చింది. పిల్లలు ఏవో కల్పించి చెప్తుంటారులే అని సర్దిచెప్పుకున్నాడు కానీ, ఆ 'బాగా' అన్న మాట మాత్రం ముల్లులా దిగబడిపోయింది.

మర్నాడు పడవ షికారుకు తీసుకెళ్ళాడు. రంగు గాలిమర కొనిపెట్టాడు. మెడల మీద ఎక్కించుకుని ఒడ్డంతా తిప్పాడు. అడగకుండానే ఐస్‌క్రీమ్ కొనిచ్చాడు. గడుగ్గాయి మాత్రం మాటిమాటికీ ఆ ఇంటి వైపే చూసింది.

"మనం లోపలికి ఎప్పుడు వెళ్దాం నాన్నా?"

తిరిగొచ్చేసరికి మబ్బు పట్టింది. కరెంటు పోయింది. పట్టపగలే గదుల్లో మసక చీకటి, గోడల్లోంచి తడిసిన సున్నం వాసన. అతను స్నానానికి వెళ్ళి, తల తుడుచుకుంటూ వస్తుంటే పడకగదిలోంచి ఎవరో చదువుతున్న గొంతు వినిపించింది.

గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

అది అతని గొంతే. వాక్యం మధ్యలో అతను ఆగే చోటే ఆగుతోంది. సరంగు తిట్లకు అతను సాగదీసినట్టే సాగదీస్తోంది. తర్వాత దగ్గు వచ్చింది... లోతుగా, తడిగా, ఊపిరితిత్తుల్లో నిజంగానే నీళ్ళు నిండినట్టు.

తలుపు సందులోంచి చూశాడు. గడుగ్గాయి మంచం మీద పక్కకు ఒరిగి కూర్చుంది. ఒరగడానికి అక్కడ ఏమీ లేదు. అయినా పడిపోలేదు. పక్కనున్న దిండు బరువుకు నొక్కుకుపోయి ఉంది. ఒళ్ళో పుస్తకం. పేజీ దానంతట అదే తిరిగింది.

ఒళ్ళు జలదరించింది. అయినా ఆ భయంలోనే, ఆ దగ్గు ఎంత బాగుందో అనిపించి, అసూయతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలుపు తోసుకుని వెళ్ళి పుస్తకం లాక్కున్నాడు. గొంతు ఆగిపోయింది. అట్ట ఇంకా వెచ్చగా ఉంది.

"నేను చదువుతాను. అంతా నేనే చదువుతాను," అన్నాడు రొప్పుతూ.

వాడి కంటే ముందే పుస్తకం ముగించేస్తే సరి. చదవడానికి ఏమీ మిగలకపోతే వాడికి ఇక్కడ పనేముంది? పొద్దున్నే బయల్దేరిపోవచ్చు. అలా లెక్క వేసుకుని మొదలుపెట్టాడు. నీళ్ళు తాగలేదు. లేవలేదు. గొంతు బొంగురుపోయినా, వెలుతురు తగ్గి అక్షరాలు అలుక్కుపోతున్నా, కిటికీ దగ్గరికి జరిగి మరీ చదివాడు. పడవ ఒడ్డు చేరింది. సరంగు ఉప్పు దించాడు. కథ అయిపోయింది.

అతను గెలిచినట్టు పుస్తకం మూశాడు.

గడుగ్గాయి మంచం దిగి, చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?"

"షికారుకి. పుస్తకం అయిపోగానే తీసుకెళ్తానన్నాడుగా."

అతను ఒక్క ఉదుటున వెళ్ళి పిల్ల కుడిచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా. అప్పుడు దాని ఎడమచెయ్యి మెల్లగా పైకి లేచింది... పొడుగాటి మనిషి ఎవరో వేలు పట్టుకున్నట్టు.

"రా... ఇటు రా అమ్మా."

పిల్ల రాలేదు. అటువైపు నుంచి లాగుతున్నారు. కోపంగా కాదు, తొందరగా కాదు. ఓపిగ్గా.

"ఇది నా కూతురు," అన్నాడు ఖాళీలోకి చూస్తూ. గుసగుసే వచ్చింది.

అటువైపు నుంచి దగ్గు వినిపించింది.

రెండు చేతులతో లాగాడు. పిల్ల భుజం దగ్గర ఏదో కటుక్కుమంది.

"అమ్మా! నొప్పి నాన్నా... నొప్పి..."

కన్నతండ్రి కదా. ఆ కేక విని, అతని వేళ్ళు వాటంతట అవే వదులయ్యాయి.

అటువైపు వేళ్ళు వదులు కాలేదు.

తలుపు తెరుచుకుంది. మూసుకుంది. అతను తేరుకుని దాన్ని లాగేసరికి అది బిగుసుకుపోయి ఉంది. గోడకు కాలు తన్నిపెట్టి గుంజి గుంజి తెరిచి, తూలుకుంటూ వరండాలోకి వచ్చి పడ్డాడు. సంధ్య వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. భార్య నవల కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఆఖరి పేజీలు చదువుతోంది. పిల్ల ఎక్కడా లేదు.

"అది... అది ఎటు వెళ్ళింది?"

ఆమె విసుగ్గా తలెత్తింది. అతన్ని చూసి నవ్వబోయి ఆగిపోయింది. సరస్సు వైపు దారిని ఒకసారి, అతని ముఖాన్ని ఒకసారి మార్చి మార్చి చూసింది.

"అదేంటండీ... ఇప్పుడేగా దాని చెయ్యి పట్టుకుని నా ముందు నుంచే వెళ్ళారు?"

నీళ్ళ వైపు నుంచి పిల్ల నవ్వు వినిపించింది. కడుపు పట్టుకుని, ఊపిరాడక, విరగబడి నవ్వుతోంది. ఇన్నేళ్ళలో అతను ఎంత చదివినా, ఎంత దగ్గినా, గడుగ్గాయి ఒక్కసారి కూడా అలా నవ్వలేదు.